చిన్నమ్మాయి తీగ

కడియపులంకలో తలుపులమ్మ సంగతి తెలియని వాళ్ళకు ఆవిడ అలవాటు ఒకటి వింతగా ఉంటుంది. మూసి ఉన్న తలుపు కనబడితే చాలు, అది కిరాణా కొట్టుదైనా పంచాయతీ ఆఫీసుదైనా, అరచెయ్యి ఆనించి ఒకసారి తోస్తుంది. ఎదురుగా తాళం కప్ప వేలాడుతున్నా తోస్తుంది. లోపల ఆవిడకు పనేమీ ఉండదు. కదలకపోతే ఊరుకుని తన దారిన తాను పోతుంది. ఒకసారి బ్యాంకు తలుపు తోస్తే కాపలా మనిషి కేకలేశాడు. లోవ కొండ మీది తలుపులమ్మ తల్లి పేరు పెట్టుకుంది కదా, ఊళ్ళో తలుపులన్నీ తనవే అనుకుంటోందని నర్సరీ ఆడవాళ్ళు నవ్వుకుంటారు. ఈ అలవాటు పుట్టి నిండా ఏడాది కాలేదు. అంతకు ముందు నాలుగేళ్ళూ ఆవిడ మూసిన తలుపు కనబడితే తల తిప్పుకుని నడిచేది.

తలుపులమ్మకు యాభై ఎనిమిదేళ్ళుంటాయి. పెద్దిరాజు గారి నర్సరీలో అంట్లు కట్టడం ఆవిడ పని. విత్తు మొక్క తల కోసి, తల్లి చెట్టు నుంచి తెచ్చిన పుల్లను గాటులోకి దింపి, ప్లాస్టిక్ రిబ్బన్‌తో బిగించి చుట్టిందంటే అది బతికి తీరాల్సిందే. ఆవిడ హస్తవాసి మీద అందరికీ ఎంత గురి అంటే, కొత్తగా నర్సరీ పెట్టుకునే వాళ్ళు మొదటి మొక్కను ఆవిడ చేతే పాతించుకుని చీర పెట్టి పంపేవారు. పొద్దున లేచింది మొదలు ఆవిడ నోట్లో ఉండే మాట అంటు. ఈ పూట ఎన్ని అంట్లు కట్టాం, ఏ అంటు అతికింది, ఏది ఎండింది. ఆ మాటకు ఇంకో అర్థం ఉందని తెలుగు వచ్చిన వాళ్ళందరికీ తెలుసు. ఆవిడకూ తెలుసు. అది ఒంటికి తగిలి తెలిసింది మాత్రం కరోనా రెండోసారి వచ్చిన ఏడాది, మే నెలలో.

చిన్నమ్మాయి ఆవిడ చెల్లెలు. ఇంట్లో చిన్నది కాబట్టి చిన్నమ్మాయి అన్నారు, బళ్ళోనూ అదే రాశారు, రేషన్ కార్డులోనూ అదే ఎక్కింది. నలభై ఐదేళ్ళు వచ్చాక కూడా ఆ పేరేంటని ఎవరైనా నవ్వితే, మా అక్క ఉన్నంతకాలం నేను చిన్నదాన్నేగా అనేది. అక్కాచెల్లెళ్ళిద్దరికీ మొగుళ్ళు లేరు. అక్క మొగుడు పెళ్ళయిన రెండేళ్ళకే పోయాడు, పిల్లలు లేరు. చెల్లెలి మొగుడు లారీ మీద ఉత్తరదేశం వెళ్ళి అక్కడే ఇంకో కాపురం పెట్టుకున్నాడు. వాడు వదిలిపెట్టి వెళ్ళిన మంచి పని ఒక్కటే, సుప్రియ. ఇద్దరు తల్లుల మధ్య ఒక్క పిల్ల, ఒక పెద్ద గది, ఒక వసారా. అదీ వాళ్ళ సంసారం.

తలుపులమ్మ చెయ్యి వాసి చెయ్యి అయితే చిన్నమ్మాయిది పెద్ద చెయ్యి. లారీకి లోడు ఎక్కించేటప్పుడు లెక్క ప్రకారం పెట్టాల్సినవి పెట్టేసి, చివర్లో రెండు మొక్కలు కొసరు పడేసేది. గన్నేరు కొమ్మో, నందివర్ధనమో, ఏదో ఒకటి. పెద్దిరాజు గారు చూసీ చూడనట్టు ఊరుకునేవారు. అంతదూరం పోయేవాళ్ళకు మన ఊరి కొసరు లేకపోతే ఎలాగండి అని చిన్నమ్మాయి దబాయించేది. ఊరు దాటని మనిషి, తన కొసరు మొక్కలు ఏ ఊళ్ళో ఏ గుమ్మం ముందు పూస్తున్నాయోనని ఊహించుకుంటూ మధ్యాహ్నం అన్నం తినేది.

ఆ ఏడాది ఏప్రిల్‌లో కేరళ వైపు వెళ్ళిన లారీ ఒకటి తిరిగొచ్చింది. అందులో మొక్కల వేళ్ళు ఎండకుండా చుట్టిన తడి తీగలు మిగిలిపోయి ఉన్నాయి. ఆకు తమలపాకును చిన్నది చేసినట్టుంది. అందరూ తుక్కు అని పారబోస్తుంటే చిన్నమ్మాయి అందులోంచి జానెడు ముక్క ఏరుకుని, నర్సరీ వెనక విత్తనాల షెడ్డు పక్కన గుచ్చింది. "ఏం పువ్వు పూస్తాదో చూద్దామే అక్కా" అంది. పది రోజులకు ఆమెకు జ్వరం వచ్చింది.

ఆ రోజులు ఎలా గడిచాయో గుర్తున్న వాళ్ళకు చెప్పక్కర్లేదు. రాజమండ్రిలో మంచాలు లేవన్నారు. సుప్రియ అప్పుడు పదో తరగతి. ఒక్క గది ఇంట్లో ముగ్గురూ ఉంటే పిల్లకు అంటుకుంటుందని చిన్నమ్మాయే చాపా దిండూ చంకన పెట్టుకుని వెళ్ళి విత్తనాల షెడ్డులో పడుకుంది. ముందు వైపు రేకు గోడ, చెక్క తలుపు. వెనక వైపు కాలవ గట్టు, అటు గోడ బదులు వెదురు తడిక. తలుపు లోపలి నుంచి మూసుకుని, అన్నం గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళిపోమంది.

తలుపులమ్మ అలాగే చేసింది. కంచం గుమ్మం ముందు పెట్టి పది అడుగులు వెనక్కి వచ్చి క్రోటన్ల మడి దగ్గర నిలబడేది. నాకు అంటుకుంటే ఈ పిల్లను ఎవరు చూస్తారు అనుకుంది. అందులో సగం నిజం. మిగతా సగం భయం. ఆవిడ ఆ భయాన్ని ఈ నిజం వెనక దాచుకుంది, అంతే. మొదటి రోజు కంచం ఖాళీ అయింది. రెండో రోజు సగం మిగిలింది. ఆ రోజు సాయంత్రం, ఇంకా ఎండ ఉండగానే, దగ్గు మధ్యలో లోపలి నుంచి గొంతు వినపడింది.

"అక్కా, ఉన్నావా?"

తలుపులమ్మ క్రోటన్ల వెనక ఉంది. పది అడుగుల దూరంలోనే ఉంది. పలికితే ఇంకేదో అడుగుతుందని, అడిగితే కాదనలేనని, కాదనలేక వెళ్తే ఏమవుతుందోనని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. లోపల కాసేపు ఏమీ వినపడలేదు. మళ్ళీ అదే మాట ఇంకొంచెం మెల్లగా వచ్చింది. తర్వాత రాలేదు. ఆవిడ చప్పుడు కాకుండా ఇంటికి వెళ్ళిపోయింది.

మూడో రోజు పొద్దున పెట్టిన కంచం మధ్యాహ్నానికి ఈగలు ముసిరి అలాగే ఉంది. పెద్దిరాజు గారు ఫోన్లు చేశారు. ఒంటినిండా తెల్లటి తొడుగులేసుకున్న వాళ్ళు కాలవ గట్టు మీద బండి ఆపి, వెనక తడిక కోసి, అటు నుంచే శవాన్ని తీసుకెళ్ళిపోయారు. తలుపులమ్మనూ సుప్రియనూ దగ్గరికి రానివ్వలేదు. వాళ్ళు వెళ్ళాక పెద్దిరాజు గారు కోసిన తడిక మీద రేకు ఒకటి అడ్డం కొట్టించారు. ముందు తలుపు జోలికి ఎవరూ పోలేదు. లోపల విత్తనాలు ఎలుకలు తిన్నాయో, మొలకెత్తి ఎండిపోయాయో ఎవరికీ అక్కర్లేకపోయింది.

పదకొండో రోజున సుప్రియ అడిగింది, అమ్మ ఒక్కత్తే పోయిందా అని. తలుపులమ్మ ఆ ప్రశ్నకు సిద్ధంగా లేదు. "లేదమ్మా, నేను లోపలికి వెళ్ళాను. నా ఒళ్ళోనే పోయింది. మంచినీళ్ళు తాగింది" అంది. ఎందుకంత వివరంగా అబద్ధం వచ్చిందో ఆవిడకే తెలియదు. ఆ పిల్ల ఆ మాటను పట్టుకుని మళ్ళీ అన్నం తినడం మొదలుపెట్టింది, పుస్తకాలు తీసింది, కాలేజీలో చేరింది. ఎవరైనా కదిపితే మా దొడ్డమ్మ అంత అంటులోనూ లోపలికి వెళ్ళి అమ్మను చూసుకుందని గర్వంగా చెప్పేది. ఆ మాట విన్నప్పుడల్లా తలుపులమ్మ ఏదో పని కల్పించుకుని పెరట్లోకి వెళ్ళిపోయేది.

జూలై వానలకు షెడ్డు పక్కన ఆ జానెడు ముక్క లేచింది. మొదట గోడ ఎక్కింది. తర్వాత తలుపు మీదికి వచ్చింది. వినాయక చవితికి షెడ్డు షెడ్డంతా ఆకుపచ్చగా మునిగిపోయింది. పాదు కట్టలేదు, పందిరి వెయ్యలేదు, ఎరువు వెయ్యలేదు. కార్తీకం వెళ్ళేసరికి సన్నటి తెల్లపూలు నురుగులా పొంగి, ఒక వింత తీపి వాసనతో తేనెటీగలు ముసురుకున్నాయి. ఆడవాళ్ళు పని మానేసి చూశారు. తలుపులమ్మ చూసి ఏడ్చింది. ఏం పువ్వు పూస్తాదో చూద్దామన్న మనిషి చూడలేదు కదా అని ఏడుస్తోందని అందరూ అనుకున్నారు. అదీ నిజమే.

ఆ రోజే ఆవిడ కత్తెర తీసుకుని తీగను కణుపు కణుపుకీ ఏటవాలుగా కోసి, కవర్లలో గుచ్చింది. పదింటికి పది బతికాయి. అప్పటి నుంచి ఏ లోడు కదిలినా చివర్లో ఆ తీగ ఒకటి కొసరు పెట్టడం మొదలుపెట్టింది. చిన్నమ్మాయి ఉంటే పెట్టేదిగా, దాని కొసరు అదే పెడుతోందనుకుందాం అంది. సుప్రియ ప్లాస్టిక్ ముక్కల మీద మార్కర్‌తో "చిన్నమ్మాయి తీగ" అని గుండ్రంగా రాసిచ్చేది. లారీలు కదిలేముందు ఎత్తేవాళ్ళకు అదొక ఊతపదం అయిపోయింది. తాడు బిగించేవాడు పైనుంచి అడిగేవాడు, చిన్నమ్మాయి ఎక్కిందా అని. కిందనుంచి తలుపులమ్మ ఎక్కిందనేది. నాగపూర్ వెళ్ళింది, కటక్ వెళ్ళింది, ద్రాక్షారామంలో ఎవరో పంతులు గారి పెరట్లోకి వెళ్ళింది, జంగారెడ్డిగూడెం పామాయిల్ తోటల్లోకి వెళ్ళింది. ఊరు దాటని మనిషి దేశం తిరుగుతోందని ఆవిడ మనసుకు ఎక్కడో కొంచెం చల్లగా ఉండేది.

ఆ చల్లదనం రెండేళ్ళు ఉంది.

మూడో ఏడు తీగ షెడ్డు దిగి నేలబారున వచ్చింది. క్రోటన్ల మడి మీదికి వచ్చింది. మందారాల మీదికి వచ్చింది. దాని తీరు ఎవరికీ అర్థం కాలేదు. పొద్దున ఖాళీగా ఉన్న దారి మర్నాటికి జానెడు మూసుకునేది. నేలకు తగిలిన ప్రతి కణుపూ వేరు దించేది. ఆడవాళ్ళు కోసి కుప్పలేస్తే కుప్పలోంచి కొత్త తీగ లేచేది. అది మొక్కలను విరవదు, చీల్చదు. పైకెక్కి, చుట్టుకుని, మీద పడుకుంటుంది. వెలుతురు లేక కింద మొక్క తెల్లబడి, ఆకు రాల్చి, నిలబడిన చోటే ఎండిపోతుంది. పై నుంచి చూస్తే అంతా పచ్చగానే ఉంటుంది. ఎత్తి చూస్తేనే తెలుస్తుంది కింద ఏమీ బతికి లేదని.

తలుపులమ్మకు తెలిసింది ఇంకొకటి. ఆ తీగ తనవైపే వస్తోంది. ఆవిడ కూర్చుని అంట్లు కట్టే పాక నర్సరీకి తూర్పున ఉంది. తీగ కొసలన్నీ అటే తిరిగి ఉన్నాయి. వెలుతురుకోసం తూర్పుకు తిరుగుతుందిలే అని ఎవరైనా అంటారు, ఆవిడా అలాగే అనుకోవాలని చూసింది. ఒకరోజు అన్నం తిన్నాక పాకలో కాస్త నడుం వాల్చి కళ్ళు తెరిచేసరికి లేత కొస ఒకటి ముంజేతి మీద పడి ఉంది, తడిగా, చల్లగా. గాలికి పడి ఉండొచ్చు. ఆవిడ దాన్ని తీసెయ్యలేదు. చాలాసేపు చెయ్యి కదపకుండా అలాగే కూర్చుంది. తీగ మీద గాలి వీస్తే ఆ ఆకులన్నీ కలిసి చేసే చప్పుడు ఒకటి ఉండేది. మిగతా వాళ్ళకు అది ఆకుల చప్పుడే. ఆవిడకు అందులో రెండు మాటలు వినపడేవి. అక్కా, ఉన్నావా. నేను నిన్ను ముట్టుకోలేదు కాబట్టి ఇప్పుడు నువ్వే నన్ను అంటుకుంటావా అని ఆవిడ లోపల్లోపల అడిగేది. భయం వేసేది. కానీ ఆ చప్పుడు వినపడని రోజున ఇంకా భయం వేసేది.

అందుకే ఆవిడ చెయ్యకూడని పని చేసింది. పగలంతా అందరితో కలిసి తీగ కోసేది. పనివాళ్ళు ఇళ్ళకు పోయేముందు కుప్పలోంచి నాలుగు కణుపులు ఏరి, ఏటవాలుగా కోసి, షెడ్డు మొదట్లో మళ్ళీ గుచ్చేది. ఇంట్లో వసారా కిటికీలో ఒక స్టీలు గ్లాసు నీళ్ళలో కూడా ఒక ముక్క పెట్టుకుంది. అందం కోసం అని సుప్రియతో చెప్పింది.

నర్సరీ మధ్యలో కొత్తపల్లి కొబ్బరి మామిడి చెట్టు ఒకటి ఉంది. పెద్దిరాజు గారి తండ్రి నాటిన తల్లి చెట్టు. ఆ నర్సరీ నుంచి వెళ్ళిన కొత్తపల్లి కొబ్బరి అంట్లన్నిటికీ పుల్లలు దాని నుంచి కోసినవే. తలుపులమ్మ మొదటి అంటు కట్టింది దాని పుల్లతోనే. చిన్నమ్మాయికి పని నేర్పింది దాని నీడలోనే. నిరుడు ఉగాదికి తీగ దాని కొమ్మల చివరిదాకా ఎక్కేసింది. ఆ ఏడు అది పూత పూయలేదు. ఒక వైపు కొమ్మలు బెరడు వదిలాయి. పెద్దిరాజు గారు రోజూ పొద్దున వచ్చి దాని కింద నిలబడి పైకి చూసి వెళ్ళిపోయేవారు. తలుపులమ్మకు అది ఎవరైనా చెంప మీద కొట్టినదానికంటే ఎక్కువగా తగిలేది.

ఏప్రిల్‌లో జంగారెడ్డిగూడెం నుంచి చలపతి అనే రైతు మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. మూడేళ్ళ కిందట ఇక్కడ నుంచే గట్ల మీదికి మొక్కలు పట్టుకెళ్ళాడు. మెత్తని మనిషి. కేకలెయ్యడానికి రాలేదు. సంచిలోంచి ఎండిన తీగ తీసి బల్ల మీద పెట్టి, లేత పామాయిల్ మొక్కల మొవ్వు చిగుళ్ళలోకి ఇది దూరిపోయిందని, నాలుగు ఎకరాలు కప్పేసిందని, దీనికి మందేమైనా ఉందా అని అడిగాడు. సంచిలోంచి ఒక ప్లాస్టిక్ ముక్క కూడా తీశాడు. ఎండకు వెలిసినా సుప్రియ చేతిరాత గుండ్రంగా కనపడుతూనే ఉంది.

"చిన్నమ్మాయి మా తోటని మింగేసిందండి" అన్నాడు.

ఆ పేరు మనిషిదని అతనికి తెలియదు. పెద్దిరాజు గారు తల దించుకున్నారు. తలుపులమ్మ పాకలో కూర్చుని ఉంది. చేతిలో ఉన్న అంటు చెయ్యి జారి కింద పడింది. నలభై ఏళ్ళలో అలా పడటం అదే మొదలు.

వారం తిరక్కుండా ఉద్యానశాఖ నుంచి ఫణిశ్రీ అనే అమ్మాయి వచ్చింది. ఇది మైకేనియా అనే కలుపు తీగ అని, ఒక్క కణుపు నేలకు తగిలితే చాలునని, కోసిన ముక్కలు గోనె సంచుల్లో నింపి ఎండబెట్టి కాల్చాలని, మొదలు వేరుతో సహా తవ్వి తీయాలని చెప్పింది. తొలకరి పడేలోగా కాకపోతే నర్సరీ మొక్కలను ఊరు దాటనివ్వనని కూడా మర్యాదగానే చెప్పింది. తర్వాత షెడ్డు దగ్గర వంగి, పచ్చి ముక్క ఒకటి పీకి చూసి, పెద్దిరాజు గారి చేతికిచ్చింది. ఇది విరిగి పడిన ముక్క కాదండి, కత్తెరతో ఏటవాలుగా కోసి గుచ్చిందండి అంది.

పెద్దిరాజు గారు ఆ కోతను చూశారు. ఆ కోత కడియపులంకలో ఎవరిదో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆ అమ్మాయి వెళ్ళాక పాక దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"ఏమ్మా తలుపులమ్మా, చెల్లెలు పోయిందన్న దుఃఖం నాకు తెలుసు. ఆ చెట్టు కూడా నాకు మనిషేనమ్మా. నువ్వే తియ్యాలి" అన్నారు.

"అలాగేనండి" అంది.

తియ్యడమంటే షెడ్డు మొదట్లోనే తియ్యాలి. అసలు వేరు గుమ్మం కిందే ఉంది. గుమ్మం తవ్వితే తలుపు బయటపడుతుంది. ఆ తలుపు గురించి తనకు తప్ప ఎవరికీ తెలియనిది ఆవిడ కడుపులో ఉంది. ఆ మూడు రోజుల్లో ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. తన ఎదురుగా ఉన్న చెక్క తలుపు, గడ్డిపరకంత అడ్డం, ఒక్క తోపు తోస్తే తెరుచుకునేదని ఆవిడ నమ్మకం. తీగ దాన్ని కప్పేసినంత కాలం ఆ సంగతి కూడా కప్పబడి ఉంది. ఇప్పుడు వేరు తీస్తే చిన్నమ్మాయి చేత్తో నాటిన చివరిది పోతుంది. తలుపు తెరిస్తే సుప్రియ పోతుంది. ఆ పిల్ల ఇంకేమీ అడక్కపోయినా, అక్కడ నిలబడి అమ్మ తల ఎటు పెట్టుకుంది, నువ్వెక్కడ కూర్చున్నావు అని తప్పకుండా అడుగుతుంది. మూడు రోజులు ఒంట్లో బాగాలేదని పని ఎగ్గొట్టింది. నాలుగో రోజు సుప్రియే గునపం భుజాన వేసుకుని, కాలేజీకి సెలవు పెట్టాను, పద దొడ్డమ్మా, అమ్మ పోయిన చోటు మనమే బాగుచేద్దాం అంది. ఇంకేం చెప్పి తప్పించుకుంటుంది?

పొద్దున ఏడింటికి మొదలుపెట్టారు. తలుపులమ్మ కోస్తుంటే సుప్రియ సంచుల్లో కుక్కింది. పై పొర తీస్తే కింద ఇంకో పొర, దాని కింద ఎండిన పాత తీగ తాళ్ళు పేనినట్టు. పదకొండు గంటలకు రేకు గోడ కనపడింది. పన్నెండుకు తలుపు కనపడింది. రంగు పోయి, అడుగున చెదపట్టి, తీగ వేళ్ళు చెక్కలోకి దిగి ఉంది. గుమ్మం దగ్గర మట్టిలో సగం కూరుకుపోయి స్టీలు కంచం ఒకటి దొరికింది. అంచున తలుపులమ్మ పేరు చెక్కి ఉంది. చివరి రోజు పెట్టిన కంచం. అంటు అని ఎవరూ తీయలేదు. ఆవిడ దాన్ని కొంగుతో తుడిచి పక్కన పెట్టింది. సుప్రియ దాన్ని చూసి మళ్ళీ సంచి అందుకుంది.

తలుపు తెరిస్తే గాని గుమ్మం కింద వేరు అందదు. సుప్రియ లాగింది, తోసింది. కదల్లేదు. చెక్క ఉబ్బి బిగుసుకుందనుకుని, వెనక నుంచి చూసొస్తానని గట్టు వైపు వెళ్ళింది. రేకు ఊడదీసిన చప్పుడు వినపడింది. లోపల చీకట్లో ఆ పిల్ల అడుగుల చప్పుడు వినపడింది. తర్వాత చప్పుడు ఆగిపోయింది. తలుపులమ్మ ఆ తలుపు ముందు, పది అడుగుల దూరంలో, ఒకప్పుడు క్రోటన్ల మడి ఉన్న చోటే నిలబడి ఉంది.

"దొడ్డమ్మా, ఉన్నావా?"

గొంతు తల్లి గొంతే. ఆ చెక్క వెనక నుంచి, అదే వరసలో. లోపలి నుంచి మళ్ళీ అడిగింది, ఈసారి కొంచెం మెల్లగా. మళ్ళీ అడగదేమోనన్న భయంతో తలుపులమ్మ పరిగెత్తినట్టే వచ్చి తలుపు మీద పడింది.

"ఉన్నానమ్మా. ఇక్కడే ఉన్నాను. ఎక్కడికీ పోలేదు."

"నేను లోపల లాగుతున్నా, నువ్వు బయట్నుంచి తోయి" అంది సుప్రియ.

తలుపులమ్మ రెండు అరచేతులూ ఆనించి తోసింది. జీవితంలో మొదటిసారి ఆ తలుపును తోసింది. ఇనుము ఇనుముకు రాసుకున్న చప్పుడైంది. తలుపు జానెడు తెరుచుకుని ఆగింది. ఆ సందులోంచి సుప్రియ ముఖం కనపడింది, దుమ్ము కొట్టుకుని. అరచేతుల నిండా తుప్పు.

"లోపల గడియ పెట్టి ఉంది దొడ్డమ్మా. తుప్పు పట్టిపోయింది, లాగితే ఇప్పటికి వచ్చింది. అమ్మే పెట్టుకున్నట్టుంది" అంది. తర్వాత ఆ పిల్ల తన చేతులను చూసుకుంది. గడియను చూసింది. దొడ్డమ్మను చూసింది.

"మరి నువ్వు లోపలికి ఎలా వెళ్ళావు?"

తలుపులమ్మకు ఒకేసారి రెండు సంగతులు తెలిశాయి. చిన్నమ్మాయి గడియ పెట్టుకుంది. అక్క ఆగలేక లోపలికి వచ్చేస్తుందనుకుంది. తన అక్క అలాంటిదనుకుంది. వస్తే అంటుకుంటుందని, పిల్లకు ఇద్దరూ లేకుండా పోతారని, ఒంట్లో ఓపిక లేకపోయినా లేచి గడియ వేసుకుంది. లోపలికి రమ్మని ఆమె అడగనే లేదు. ఉన్నావా అని అడిగింది, అంతే. ఆ గడియ సంగతి తనకు నాలుగేళ్ళూ తెలియకపోవడానికి కారణం ఒక్కటే. తోసి చూసి ఉంటే ఆ రోజే తెలిసేది.

"వెళ్ళలేదమ్మా" అంది. "నేను లోపలికి వెళ్ళలేదు. ఒక్కసారి తోసైనా చూడలేదు. అది పిలిస్తే పలకలేదు."

సుప్రియ తుప్పు చేతులను లంగాకు తుడుచుకుంది. ఏడవలేదు, కేకలెయ్యలేదు. గునపం అందుకుని గుమ్మం దగ్గర కూర్చుని తవ్వడం మొదలుపెట్టింది. తలుపులమ్మ పక్కన కూర్చుని మట్టి తీసింది. వేరు మనిషి మణికట్టంత లావు ఉంది. గుమ్మం కింద నుంచి లోపలికి, చాప పరిచిన వైపుకి పాకి ఉంది. సాయంత్రం నాలుగింటికి మొత్తం బయటికి వచ్చింది. వేరును సంచిలో వేసి మూతి కట్టేశాక సుప్రియ కాళ్ళు కడుక్కుని, దొడ్డమ్మ కోసం ఆగకుండా ఇంటి దారి పట్టింది.

తలుపులమ్మ నెమ్మదిగా నడిచింది. మామిడి చెట్టు కింద ఒకసారి ఆగింది. ఎండిన వైపు ఎండినట్టే ఉంది. తీగ తీసేసిన రెండో వైపు లేత ఎర్రాకు ఒకటి రెండు చోట్ల పొడుచుకొస్తోంది. ఆవిడ బెరడు మీద చెయ్యి వేసి, తీసేసింది. ఇంకా ఎన్ని ఊళ్ళలో, ఎన్ని తోటల్లో తన చేతి ఏటవాలు కోత వేరు దించి ఉందో ఆవిడకు లెక్క తెలియదు. ఇచ్చిన కొసరును వెనక్కి అడిగే దారి లేదు. ఇప్పటికీ వాన వెలిస్తే కాలవ గట్టు మీదో, ఎవరి కంచె మీదో ఆ ఆకు కనబడుతుంది. ఆవిడ ఎక్కడున్నా ఆగి, వేరుతో సహా పీకి, కొంగులో ముడి వేసుకుని తెచ్చి పొయ్యిలో పెడుతుంది. పీకేటప్పుడల్లా ఉన్నానే, ఉన్నాను అని గొణుక్కుంటుందని చూసిన వాళ్ళంటారు.

ఆ సాయంత్రం ఇంటికి చేరేసరికి వసారా కిటికీలో స్టీలు గ్లాసు ఖాళీగా, బోర్లించి ఉంది. తీగ ముక్క పొయ్యిరాళ్ళ పక్కన బూడిదలో ఉంది. గది తలుపు మూసి ఉంది. లోపల చప్పుడు లేదు.

తలుపులమ్మ గుమ్మం ముందు నిలబడింది. వెళ్ళిపోదామనుకుంది. క్రోటన్ల మడి దగ్గర నిలబడ్డట్టే ఎంతసేపు నిలబడిందో ఆవిడకు తెలియదు. చివరికి అరచెయ్యి తలుపు మీద ఆనించి, మెల్లగా తోసింది.

గడియ పెట్టి లేదు.